వీఎం (వర్చువల్ మిషన్) నెమ్మదిస్తే ప్రొఫైలింగ్ (సమయం ఎక్కడ పోతోందో కొలవడం) లోపలి నుంచా, హోస్ట్ (దాన్ని నడిపే అసలు మిషన్) నుంచా?

కావలి_సిస్టమ్స్:
నెల్లూరులో ఒక రొయ్యల మేత డీలర్ ఆఫీసు సర్వర్. 16 థ్రెడ్ల ఇంటెల్ మిషన్, ఉబుంటు 22.04, కేవీఎం (లైనక్స్‌లో వీఎంలు నడిపే సదుపాయం) మీద ఆరు వీఎంలు. సాయంత్రం బిల్లింగ్ వేళకి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉన్న వీఎం మొరాయిస్తోంది. అందులో పెర్ఫ్ స్టాట్ (లైనక్స్ కొలత సాధనం పెర్ఫ్‌లో ఒక కమాండ్) కొడితే సైకిల్స్ (సీపీయూ గడియారపు లెక్క) ఎదురుగా ‘నాట్ సపోర్టెడ్’ అని వస్తోంది. గెస్ట్‌కి (అంటే వీఎంకి) పీఎంయూ (సీపీయూలోని లెక్కింపు కౌంటర్లు) తెరవాలా, హోస్ట్ నుంచి పెర్ఫ్ కేవీఎం (వీఎంలని బయటి నుంచి కొలిచే కమాండ్) చాలా?

ఒంగోలు_కెర్నల్:
పీఎంయూ తెరిచి లోపలే కొలవండి. విర్ష్ ఎడిట్‌లో (వీఎం సెట్టింగులు మార్చే కమాండ్) సీపీయూ మోడ్ హోస్ట్-పాస్‌త్రూ (అసలు సీపీయూని ఉన్నదున్నట్టు చూపేది) పెట్టి, ఫీచర్స్ కింద పీఎంయూ స్టేట్ ఆన్ చేయండి. మీది హోస్ట్-మోడల్‌లో ఉన్నట్టుంది. దాన్ని లిబ్‌విర్ట్ (విర్ష్ వెనకుండే సాఫ్ట్‌వేర్), ఒక పేరున్న సీపీయూ మోడల్‌గా మార్చి క్యూఎము (వీఎంని నడిపే ప్రోగ్రామ్) చేతికిస్తుంది, అక్కడ పీఎంయూ మామూలుగా ఆఫే. మార్చాక లోపల రీబూట్ కొడితే ఏమీ మారదు, పాత క్యూఎము ప్రాసెసే నడుస్తుంటుంది. పూర్తిగా షట్‌డౌన్ చేసి విర్ష్ స్టార్ట్ ఇవ్వాలి.

పీఎంయూ లేకున్నా పెర్ఫ్ రికార్డ్ (శాంపిళ్ళు తీసే కమాండ్) నడుస్తుంది గదా అనుకోకండి. సైకిల్స్ దొరక్కపోతే అది సీపీయూ-క్లాక్‌కి దిగిపోతుంది. అది టైమర్ ఇంటరప్ట్ (సీపీయూని మధ్యలో ఆపే సంకేతం). కెర్నల్ ఇంటరప్టులు మూసుకున్న చోట శాంపిల్ పడదు, మళ్ళీ తెరిచిన మరుక్షణం పడుతుంది. అందుకే రిపోర్టులో తాళం వదిలి ఇంటరప్టులు తెరిచే స్పిన్-అన్‌లాక్ ఫంక్షన్ పైకొచ్చి కూర్చుంటుంది, అసలు పని చేసింది కనపడదు.

తరవాత సెకనుకు 99 శాంపిళ్ళు, 30 సెకన్లు, అన్ని వీసీపీయూల (వీఎంకిచ్చిన సీపీయూల) మీదా. 100 పెడితే టైమర్ పనులతో అడుగు కలిసిపోయే ప్రమాదం ఉంది. 22.04 పోస్ట్‌గ్రెస్ ఫ్రేమ్ పాయింటర్లతో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే గుర్తులు) రాదు కాబట్టి కాల్-గ్రాఫ్ డ్వార్ఫ్ (డీబగ్ సమాచారంతో ఆ వరస కనుక్కునే పద్ధతి) పెట్టాలి. ఒక్కో శాంపిల్‌కి 8 కేబీ స్టాక్ కాపీ అవుతుంది. నాలుగు వీసీపీయూలు నిండుగా నడుస్తుంటే 30 సెకన్లకి దాదాపు 95 ఎంబీ. డేటాబేస్ ఉన్న డిస్క్ మీద మాత్రం రాయించొద్దు.

పెన్నా_అడ్మిన్:
అన్నా, మీరు చెప్పిన సెట్టింగులు సరే, వరస తిరగబడింది. గెస్ట్ కౌంటర్ వీసీపీయూ నడుస్తున్నప్పుడే తిరుగుతుంది. హోస్ట్ ఆ వీసీపీయూని క్యూలో నిలబెట్టిన సమయం ఆ ప్రొఫైల్‌లోకి రానే రాదు. ముందు లోపల విఎంస్టాట్ 1 కొట్టి ఎస్‌టీ (స్టీల్, హోస్ట్ లాక్కున్న సమయం శాతం) కాలమ్ చూడండి. ఆపై హోస్ట్‌లో ఆ వీసీపీయూ థ్రెడ్ షెడ్‌స్టాట్ ఫైల్ తెరవండి. రెండో అంకె, క్యూలో కాచుకున్న నానోసెకన్లు. ఎస్‌టీ పుట్టేది కూడా అక్కడి నుంచే.

పెర్ఫ్ కేవీఎం స్టాట్‌ని క్యూఎము పీఐడీ మీద 30 సెకన్లు పెట్టండి. హాల్ట్ ఎగ్జిట్‌కి (ఎగ్జిట్ అంటే గెస్ట్ ఆగి పని హోస్ట్ చేతికి రావడం) టైమ్ అంతా పోయినట్టు కనిపిస్తే కంగారొద్దు, గెస్ట్ ఖాళీగా ఉందని దానర్థం. ఐఓ ఇన్‌స్ట్రక్షన్ ఎగ్జిట్లు వేలల్లో ఉంటే డిస్క్ ఐడీఈగా (పాత రకం డిస్క్ నకలు) ఉందేమో చూసి విర్ట్ఐఓకి (వీఎంల కోసమే చేసిన వేగమైన పద్ధతి) మార్చాలి. ఈ కొలతలకి వీఎం ఆపక్కర్లేదు, పీఎంయూ తెరవక్కర్లేదు.

ఒంగోలు_కెర్నల్:
పోస్ట్‌గ్రెస్‌లో ఏ ఫంక్షన్ తింటోందో హోస్ట్ నుంచి చెప్పగలరా? గెస్ట్ కాల్‌సిమ్స్, మాడ్యూల్స్ ఫైళ్ళు (కెర్నల్ పేర్లు, అడ్రసుల జాబితాలు) రూట్‌గా తెచ్చి పెట్టినా కెర్నల్ పేర్లే వస్తాయి, యూజర్ ప్రోగ్రామ్ పేర్లు రావు. పైగా గెస్ట్ రీబూట్ అయితే అడ్రసులు మారిపోతాయి, మళ్ళీ తేవాలి.

ఆత్మకూరు_నెట్:
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. గెస్ట్ కౌంటర్లు హోస్ట్ కౌంటర్ల మీదే నడుస్తాయి. అటూ ఇటూ ఒకేసారి పెర్ఫ్ పెడితే గెస్ట్ లెక్కలు తప్పొచ్చు. వేర్వేరుగా కొలవండి. బయటి కస్టమర్ల వీఎంలున్న మిషన్‌లో అయితే పీఎంయూ ఇవ్వకపోవడమే మేలు, సైడ్-ఛానల్ దాడులకి (పక్క వీఎం రహస్యాలని పరోక్షంగా పసిగట్టడం) అదొక దారి. ఇంకా, గెస్ట్‌లో క్లాక్‌సోర్స్ (టైమ్ ఎక్కడి నుంచి తీసుకుంటోందో) చూడండి. కేవీఎం-క్లాక్ గానీ టీఎస్‌సీ గానీ ఉండాలి. హెచ్‌పెట్‌కి (పాత హార్డ్‌వేర్ టైమర్) పడిపోయి ఉంటే టైమ్ అడిగిన ప్రతిసారీ ఎగ్జిట్టే.

కావలి_సిస్టమ్స్:
క్లాక్ కేవీఎం-క్లాకే. సాయంత్రం ఆరింటికి ఎస్‌టీ 18 నుంచి 25. షెడ్‌స్టాట్ రెండో అంకె కూడా పరిగెడుతోంది. అన్ని వీఎంలవీ కలిపితే 28 వీసీపీయూలు, మిషన్‌లో ఉన్నవి 16 థ్రెడ్లే. ఆరింటికే బ్యాకప్ వీఎంలో జీజిప్ (ఫైళ్ళు కుదించే ప్రోగ్రామ్) మొదలవుతోంది.

పెన్నా_అడ్మిన్:
దొరికింది గదా. బ్యాకప్‌ని రాత్రికి మార్చండి. వీలుకాకపోతే విర్ష్ షెడ్‌ఇన్ఫోలో దాని సీపీయూ షేర్లు తగ్గించండి. సిగ్రూప్ వీ2లో (లైనక్స్ సీపీయూ సమయం పంచే పద్ధతి) డిఫాల్ట్ 100, దాన్ని 20 చేయండి.

ఒంగోలు_కెర్నల్:
ఈ మిషన్‌కి అది ఒప్పుకుంటా. కానీ ఎస్‌టీ 2 లోపలికి దిగాక కూడా బిల్లు ఆలస్యమైతే హోస్ట్‌లో ఇక వెతికేది లేదు. ఎలాగూ వీఎం ఆపే రోజు చూసుకుని పీఎంయూ లైన్ కూడా వేసి పెట్టండి.