అప్‌డేట్: ఆ గడియారం పిల్లాడి రోబో దొరికింది

మొన్న అడిగాను కదా, చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఒక పిల్లాడు చేతి గడియారంలో మాట్లాడితే కొండంత రోబో లేచి వచ్చేది, దాని పేరేంటని. జెయింట్ రోబో! జపాన్‌లో తోయీ అనే సినిమా కంపెనీ వాళ్లు తీశారు. అక్కడ 1967-68లో వచ్చింది, మొత్తం 26 భాగాలు. ఇంగ్లిష్‌లో 'జానీ సొక్కో అండ్ హిజ్ ఫ్లయింగ్ రోబోట్'.

ఇన్నేళ్లూ అది బ్లాక్ అండ్ వైట్ అనుకున్నా. చూస్తే కలరు! నలుపు తెలుపు మా మలక్‌పేట ఇంట్లోని ఈసీ టీవీది. అదీ మన హైదరాబాద్‌లో ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్ చేసిందే. రోబో తల ఈజిప్టు రాజు తలలా ఉండటం, వేళ్ల నుంచి క్షిపణులు రావడం మాత్రం సరిగ్గానే గుర్తున్నాయి.

నిన్న అక్కకు ఫోన్ చేశా. "చివర్లో పిల్లాడు వద్దంటున్నా వినకుండా రోబో ఆ విలన్ గిలటిన్‌ని పట్టుకుని అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది రా. ఆ రోజు నువ్వు అన్నం మానేశావు" అంది. మానేసింది తనే. ఆదివారం ఆ భాగం ఇద్దరం కలిసి చూస్తాం.

మా అబ్బాయి మాత్రం మొదటి భాగం రెండు నిమిషాలు చూసి "లోపల మనిషున్నాడు నాన్నా" అని వెళ్లిపోయాడు. ఉంటే ఉన్నాడులే.