అప్‌డేట్: అమ్మ మతిమరుపు, కంటి స్కాన్

కంటి స్కాన్‌తో అమ్మకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందో లేదో తెలుస్తుందా అని సంక్రాంతి ముందు అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అమలాపురంలో ఓసీటీ, అంటే కంటి లోపలి పొరల్ని వెలుగుతో చూసే స్కాన్, చేయించాం. గడ్డం ఆనించి, లోపల వెలుగుతున్న గుర్తు వైపే చూడమన్నారు, అంతే. రెటీనా (కంటి లోపల వెనక వైపు ఉండే పొర) మెదడులోంచే ఏర్పడే కణజాలం. దాని నరాల పొర పలచగా ఉన్నవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గడం ఎక్కువని యూకే బయోబ్యాంక్ అనే బ్రిటన్ ఆరోగ్య సమాచార నిధి వివరాలతో 2018లో ఒక పరిశోధన వచ్చింది. కానీ గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), షుగరు వల్ల కూడా ఆ పొర పలచబడుతుంది. అమ్మకి షుగరు ఉంది. అందుకే స్కాన్ ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేమన్నారు డాక్టరు గారు. అలా సూటిగా చెప్పడం నాకు నచ్చింది.

కాకినాడలో న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) గారు మెదడు పనితీరు చూడటానికి గడియారం గీయమంటే అమ్మ అంకెలన్నీ ఒక పక్కకే రాసేసింది. నా గుండె జారిపోయింది. రక్తపరీక్షలో బీ12 విటమిన్ బాగా తక్కువ వచ్చింది. ఏళ్ల తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడితే అలా తగ్గొచ్చట. ఆ లోపంతో కూడా మతిమరుపు వస్తుంది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాత్ర వాడుతుంటే బీ12 పరీక్ష చేయించండి. ఎమ్మారై రిపోర్టు ఇంకా రావాలి.