గిలెటిన్‌ను రద్దు చేయాలా, అసలు లోపం మరోచోట ఉందా?

గుంటూరు పాఠకుడు:
బడ్జెట్‌లో ఒక్కో శాఖ ఖర్చుకు అనుమతి కోరే పద్దులపై చర్చ జరపకుండా అన్నింటినీ ఒకేసారి ఓటుకు పెట్టే గిలెటిన్‌ను రద్దు చేయాలని నా వాదన. 2018 మార్చి 14న, ప్రత్యేక హోదా కోసం మన ఎంపీలు వెల్‌లో ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉండగానే, లోక్‌సభ ఒక్క శాఖ పద్దునైనా చర్చించకుండా ఖజానా నుంచి ఖర్చుకు అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లునూ, పన్నులకు సంబంధించిన ఫైనాన్స్ బిల్లునూ గంటలోపే మూజువాణి ఓటుతో ఆమోదించింది. (ఆ గొడవలో మనవాళ్ల వాటా లేదనను.) చట్టం లేనిదే ప్రభుత్వ ప్రధాన ఖజానా అయిన సంచిత నిధి నుంచి పైసా తీయరాదని రాజ్యాంగం 114వ అధికరణం చెబుతుంటే, ఆ చట్టాన్నే ఇంత తేలిగ్గా చేస్తే ఎలా?

కరీంనగర్ లెక్చరర్:
మీ ఆవేదన సరైనదే గానీ, చర్చ జరిగినంత మాత్రాన ఒక్క అంకె మారుతుందా? ఏ మామూలు సంవత్సరంలోనైనా సభ చర్చించేది కొద్ది శాఖల పద్దులనే. మిగతా పరిశీలన 1993లో మొదలైన, శాఖలవారీగా ఎంపీలతో ఏర్పడే స్థాయీ సంఘాల్లో జరుగుతుంది. ఇక పద్దు మొత్తాన్ని తగ్గించాలనే కోత తీర్మానమంటారా, వంద రూపాయల కోత నెగ్గినా ప్రభుత్వంపై విశ్వాసం పోయినట్టే లెక్క కనుక, పాలకపక్ష సభ్యుడెవరూ దానికి చేయెత్తడు. వడ్డీ చెల్లింపుల వంటి వాటిపై అసలు ఓటింగే ఉండదు.

రిటైర్డ్ అకౌంటెంట్:
మీరిద్దరూ డబ్బు మంజూరయ్యే రోజు గురించే మాట్లాడుతున్నారు. నేను ఖర్చయ్యే రోజును చూసినవాణ్ని. మార్చి 31 సాయంత్రం బిల్లుల కట్టలు ట్రెజరీకి వచ్చి పడేవి. మంజూరైన మొత్తానికీ ఖర్చుకూ తేడా ఎంతో మాకు ఆ తర్వాతెప్పుడో తేలేది. మంజూరునూ ఖర్చునూ పోల్చి చూపే వినియోగ ఖాతాల్లో ఒకచోట అనుబంధ పద్దు (ఏడాది మధ్యలో అదనపు మంజూరు) తీసుకుని మొదటి మంజూరునే పూర్తిగా వాడని శాఖ ఉంటుంది, మరోచోట అనుమతి మించి ఖర్చుపెట్టిన శాఖ ఉంటుంది. అలా మించిన ఖర్చును పార్లమెంటు 115వ అధికరణం కింద, శాసనసభ 205 కింద క్రమబద్ధీకరించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్లనాటి అధిక వ్యయం ఆ ఆమోదం కోసం ఎదురుచూస్తున్నదని ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ పదే పదే రాసింది. గిలెటిన్‌లో కనీసం మూజువాణి ఓటైనా ఉంది, ఇక్కడ అదీ లేదు.

గుంటూరు పాఠకుడు:
సార్, ఆ సంగతి ఒప్పుకుంటాను. ఖర్చు లెక్కలను పరిశీలించే పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం (పీఏసీ)లో 22 మంది సభ్యులున్నా, 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షత వహిస్తున్నా, లెక్క వారి ముందుకొచ్చేది డబ్బు ఖర్చయ్యాకే. అలాగైతే నా ప్రతిపాదన మారుస్తాను: పాత అధిక వ్యయం క్రమబద్ధీకరణ కాని శాఖ పద్దును మాత్రం గిలెటిన్‌లో కలపకుండా విడిగా చర్చకు పెట్టాలి. లెక్చరర్ గారూ, దీనికైనా మీకు అభ్యంతరముందా?