సినాప్స్ దగ్గర అర మిల్లీసెకను ఎక్కడ పోతోంది? లెక్క కుదరడం లేదు

బెంగళూరులో ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సోమవారం ఫిజియాలజీ వైవా. మూడు రోజులుగా ఒక్క చోటే ఆగిపోయాను, చాలా టెన్షన్‌గా ఉంది.

నరానికీ కండరానికీ మధ్య ఉండే సినాప్స్‌లో (సంకేతం ఒకదాని నుంచి మరోదానికి దాటే సన్నని ఖాళీ ఉన్న చోటు) సంకేతం దాటడానికి కనీసం 0.5 మిల్లీసెకను పడుతుందని చదివాను. ఖాళీ ఏమో నానోమీటర్లలోనే. 40 నానోమీటర్లు అనుకుని, సంకేతాన్ని మోసే రసాయనం అసిటైల్‌కోలిన్ డిఫ్యూజన్ గుణకం (అది ఎంత వేగంగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య) సెకనుకు 300 చదరపు మైక్రోమీటర్లుగా తీసుకుని లెక్క వేశాను. దూరం వర్గాన్ని గుణకానికి రెండింతలతో భాగిస్తే వచ్చింది 2.7 మైక్రోసెకన్లు! యూనిట్లు తప్పానేమోనని మళ్ళీ మళ్ళీ చేశాను, అదే జవాబు. ఖాళీని 60కి పెంచినా 6 మైక్రోసెకన్లే. అంటే 500లో 490కి పైగా ఇంకెక్కడో పోతున్నాయి.

సీనియర్ అక్కని అడిగితే "విడుదలకి టైం పడుతుంది" అంది. అదీ నిజమే కావచ్చు, కానీ విడుదల అంటే ఒక్క పని కాదు కదా. హాస్టల్ గోడ మీద చార్ట్ అంటించి మెట్లన్నీ రాసుకున్నాను: సంకేతం నరం చివరికి రావడం, కాల్షియం ఛానళ్లు (కాల్షియం లోపలికి వచ్చే ద్వారాలు) తెరుచుకోవడం, కాల్షియం లోపలికి వచ్చి వెసికిల్‌ని (అసిటైల్‌కోలిన్ నిండిన చిన్న సంచి) పొరతో కలపడం, అసిటైల్‌కోలిన్ ఖాళీని దాటడం (డిఫ్యూజన్), అవతల కండరం మీద దాన్ని అందుకునే రిసెప్టర్ తెరుచుకోవడం. డిఫ్యూజన్ పక్కన తప్ప మిగతా అన్నిటి పక్కనా ప్రశ్నార్థకాలే. పుస్తకంలో ఈ మెట్లకి విడివిడిగా సమయాలు ఇవ్వలేదు, చూసిన వీడియోల్లోనూ లేవు.

దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి: ఆ 0.5 మిల్లీసెకనులో ఎక్కువ భాగం తినేది కాల్షియం ఛానళ్లు తెరుచుకోవడమా, వెసికిల్ పొరతో కలవడమా, రిసెప్టర్ స్పందించడమా?