24 రోజుల్లో ప్రపంచం చుట్టి రావడం: ఇదీ ఒక యాత్రేనా?

మూటముల్లె:
ఇంట్లో గొడవ జరిగింది, తీర్పు మీరు చెప్పాలి. మా అక్కా బావా ఈ మధ్యే వ్యాపారం అమ్మేశారు. ఇప్పుడు ఒక "ప్రైవేట్ జెట్ టూర్" బ్రోషర్ పట్టుకు తిరుగుతున్నారు. యాభై మందికి ఒక విమానం, 24 రోజులు, మాచు పిచ్చు, ఈస్టర్ ద్వీపం, అంగ్‌కోర్ వాట్, తాజ్ మహల్, సెరెంగెటి, పెట్రా, మరాకేష్. మనిషికి లక్ష డాలర్ల చిల్లర. "పొద్దున ఒక దేశం, రాత్రికి ఇంకో దేశం, ఏం చూస్తావే?" అన్నాను. అంతే, అక్క మూడు రోజులుగా మాట్లాడట్లేదు. డబ్బు వాళ్లది, దాని గురించి నాకేం పేచీ లేదు. అడుగుతున్నది ఒకటే. ఇది యాత్రేనా?

రాతిబొమ్మ:
కాదు.

కొంచెం వివరంగా చెప్తాను. అంగ్‌కోర్‌లో నేను తొమ్మిది రోజులున్నాను. తూర్పు వైపు వసారాలో క్షీరసాగర మథనం చెక్కిన గోడ ఉంటుంది, 49 మీటర్ల పొడవు. మొదటి రోజు నాకు అందులో పాము, కొండ, రెండు పక్కలా వరసలు తప్ప ఏమీ కనపడలేదు. మూడోసారి వెళ్లినప్పుడు కింద నీళ్లలో చేపలు కనిపించాయి. కవ్వం తిరిగే చోటికి దగ్గరైన కొద్దీ చేపలు ముక్కలైపోయి ఉంటాయి. అది నాకెవరూ చెప్పలేదు, కూర్చుని చూస్తే కనపడింది. జెట్‌లో వచ్చేవాళ్లకి ఆ గోడ ముందు ఎంతసేపు దొరుకుతుంది? పది నిమిషాలు? మీ అక్కగారిని ఆ డబ్బులో ఇరవయ్యో వంతు పెట్టి ఒక్క చోటికి వెళ్లి రెండు వారాలు ఉండమనండి.

ఉప్పుబస్తా:
నాకెవరైనా టికెట్ కొనిస్తే అభిప్రాయం చెప్తాను. వెళ్లొచ్చాక.

పాతచెప్పులు:
రాతిబొమ్మ గారూ, ఎన్ని గంటలు చూస్తే చూసినట్టో ఆ కొలబద్ద ఎవరి దగ్గరుంది? తొమ్మిది రోజులున్న మిమ్మల్ని చూసి తొమ్మిదేళ్లు తవ్విన పురావస్తు శాఖ వాళ్లు నవ్వుకోవచ్చు. థామస్ కుక్ 1872లో మొదటిసారి ప్రపంచం చుట్టించాడు, 222 రోజులు పట్టింది. కాలినడకన తిరిగినవాడికి అదీ పరుగులాగే కనిపించి ఉంటుంది. మనకంటే ఒక రోజు తక్కువ ఉన్నవాడు టూరిస్టు, ఒక రోజు ఎక్కువ ఉన్నవాడు పనీపాటా లేనివాడు, మనం మాత్రం యాత్రికులం.

రెక్కలగుర్రం:
అందరూ ఒక తప్పు మీద వాదిస్తున్నారు. ఇది ప్రైవేట్ జెట్ కాదు. చార్టర్ విమానం, అంటే టూర్ కంపెనీ అద్దెకి తీసుకున్నది. ప్రైవేట్ జెట్ అంటే సొంతదారు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడికి కావాలంటే అక్కడికి పోయేది. ఈ టూర్లలో ఎక్కువగా వాడింది బోయింగ్ 757-200. మామూలుగా అయితే 239 మంది దాకా కుక్కొచ్చు, సీట్లు పీకేసి యాభై అరవైతో సరిపెడతారు. ఫోర్ సీజన్స్ హోటళ్ల వాళ్లది ఎయిర్‌బస్ ఎ321 నియో, 48 సీట్లు. 757 తయారీ ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది, అయినా దీన్ని వదలకపోవడానికి కారణముంది. ఇంజన్ బలం ఎక్కువ, చిన్న రన్‌వే మీదా ఎత్తైన ఊళ్లలోనూ ఇబ్బంది పడదు.

ఉప్పుబస్తా:
లక్ష డాలర్లు పోసినా విమానం కూడా ప్రైవేట్ కాదా? ఘోరం.

లెక్కలపిచ్చి:
పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఆ లెక్క నేనే వేస్తున్నాను. దారి మొత్తం 55,000 కి.మీ. అనుకుందాం (భూమి చుట్టుకొలతే 40,075, పైగా వీళ్లు వంకర్లు తిరుగుతారు). గాల్లో 65 గంటలు. గంటకి మూడున్నర టన్నుల ఇంధనం. అంటే దాదాపు 228 టన్నులు. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొత్తం 720 టన్నులు, యాభై మందికి పంచితే తలకి 14 టన్నుల పైన. ప్రపంచంలో సగటు మనిషి వాటా ఏడాదికి ఐదు టన్నుల లోపే. మూడు వారాల్లో మూడేళ్ల వాటా.

రెక్కలగుర్రం:
గంటకి మూడున్నర అనేది పైకెక్కి నిలకడగా ఎగిరేటప్పటి లెక్క. పైకెక్కేటప్పుడు అంతకంటే ఎక్కువ తాగుతుంది. ఖాళీగా వచ్చి పోయే ట్రిప్పులు మీరు కలపలేదు. అన్నట్టు, అదే విమానంలో 200 మంది కూర్చుంటే తలకి నాలుగో వంతే. కాబట్టి తప్పు విమానానిది కాదు, ఖాళీ జాగాది.

పాతచెప్పులు:
ఆ జాగాలోనే కొంతమంది కాళ్లు చాపుకోవాలి మరి.

రాతిబొమ్మ:
పొగ లెక్కలు పక్కన పెట్టండి, నేను తొమ్మిది రోజులు తిరిగింది కూడా విమానమెక్కే కదా. నాకు మండేది వేరే చోట.

ఒక పాత గుడి, ఏ దేశమో చెప్పను. సూర్యోదయం చూడాలని నాలుగున్నరకే వెళ్లి వరసలో నిలబడ్డాను. ఐదుకి తెరవాల్సిన గేటు ఆరున్నర దాకా తెరవలేదు. అడిగితే "ఏదో పని జరుగుతోంది" అన్నారు. ఆరున్నరకి లోపలి నుంచి నలభై, యాభై మంది బయటికొచ్చారు. అందరికీ ఒకే రంగు టోపీలు. ఒకాయన చేతిలో కాడ ఉన్న గాజు గ్లాసు ఇంకా అలాగే ఉంది. మాతో వరసలో ఉన్నవాళ్లలో చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి ఉంది. సూర్యుడు అప్పటికే గోపురం దాటేశాడు. ఆ పొద్దు మాకెవరు తిరిగిస్తారు?

పాతచెప్పులు:
బాధ అర్థమైంది. కానీ వాళ్లు జెట్ టూర్ వాళ్లేనని మీకెలా తెలుసు? టోపీల మీద రాసుందా? ఏ కంపెనీ సమావేశమో, పెళ్లివారో కావచ్చు కదా.

రాతిబొమ్మ:
తెల్లవారుజామున గుడిలో గాజు గ్లాసులతో ఎవరి పెళ్లండీ?

పాతచెప్పులు:
టోపీ ఏ రంగు?

రాతిబొమ్మ:
రంగు ఎవరికి గుర్తు! నేను చెప్తున్న విషయం అదా?

పాతచెప్పులు:
సాక్ష్యం అంటే అదేనమ్మా మరి.

దారిచూపు:
పన్నెండేళ్లు టూర్ మేనేజర్‌గా చేశాను, జెట్ గ్రూపులతో రెండుసార్లు తిరిగాను. లోపలి సంగతి రెండు ముక్కలు. ఒక మనిషి గ్రూపు కంటే ముందే తర్వాతి ఊరికి వెళ్లిపోతాడు. హోటల్ తాళాలు, బస్సులు, పాస్‌పోర్టుల తతంగం అన్నీ వాడే చూస్తాడు. రాత్రి పెట్టె గది బయట పెడితే మళ్లీ తర్వాతి దేశంలో గదిలోనే కనిపిస్తుంది. విమానంలో డాక్టర్ ఉంటాడు, వంటమనిషి ఉంటాడు, చరిత్ర చెప్పే ప్రొఫెసర్ ఉంటాడు. ప్రొఫెసర్ మాట్లాడేటప్పుడు సగం మంది నిద్ర, అది వేరే కథ.

"ఎంతసేపు చూస్తారు" అనే గొడవకి, రాతికొండల్లో తొలిచిన పాత నగరం పెట్రా వాళ్లు ఎప్పుడో రేటు కట్టారు. జోర్డాన్‌లో ఒక్క రాత్రైనా ఉంటే రోజు టికెట్ 50 దినార్లు. ఉండకుండా అదే రోజు వచ్చి పోతే 90. వచ్చామా పోయామా అనే జనం మీద వాళ్ల అభిప్రాయం ఆ 40 దినార్లలో ఉంది. జెట్ గ్రూపులు రాత్రి ఉంటాయి కాబట్టి 50 వాళ్లకే వస్తుంది, వీపున సంచీ వేసుకుని సరిహద్దు దాటి వచ్చిన కుర్రాడికి 90 పడుతుంది.

పాతచెప్పులు:
చూశారా! తక్కువ మంది, ఎక్కువ డబ్బు. భూటాన్ చాలా దేశాల టూరిస్టుల దగ్గర తలకి రాత్రికి 100 డాలర్లు వసూలు చేస్తోంది, అంతకు ముందు 200 ఉండేది. ఎవరూ తప్పనలేదే. మాచు పిచ్చుకి రోజుకి 4,500 మంది, రద్దీ రోజుల్లో 5,600. ఆ రాళ్లని అరగదీసేది ఈ యాభై మందా, మిగతా వేలమందా? ఫ్రాన్స్‌లో ఆదిమానవులు బొమ్మలు వేసిన లాస్కో గుహ చూడండి. 1948లో తెరిచారు, జనం ఊపిరి తగిలి గోడల మీద పాచి పట్టింది, 1963లో మూసేశారు. ఊపిరికి పేదా గొప్పా లేదు కానీ, లెక్క ఉంది.

రాతిబొమ్మ:
లాస్కో పేరు మీరెత్తడం మంచిదైంది. దాన్ని అందరికీ మూసేశారు. లక్ష డాలర్లు తెచ్చినవాడికి పొద్దున్నే గంట తెరుస్తాం అనలేదు. అందరూ పక్కన కట్టిన నకలు గుహకే పోతున్నారు. నేను అడిగేదీ అదే. మూస్తే అందరికీ మూయండి, తెరిస్తే అందరికీ తెరవండి. ఈజిప్టులో అబూ సింబెల్ గుడి డ్యామ్ నీళ్లలో మునిగిపోకుండా 1964 నుంచి 68 దాకా కోసి పైకి ఎత్తినప్పుడు యాభై దేశాలు చందాలిచ్చాయి. అలా అందరి సొమ్ముతో నిలబడ్డవాటిని గంటల లెక్కన ఎవరికి అమ్ముతున్నారు? ఇంతకీ ఇంత గట్టిగా వాదిస్తున్నారు, మీకు ఆ కంపెనీల్లో వాటా ఉందా? ఏజెంటా మీరు?

ఉప్పుబస్తా:
మొదలైంది.

పాతచెప్పులు:
నోరు అదుపులో పెట్టుకుని మాట్లాడండి. అరవై ఎనిమిదేళ్లు నాకు. ఎవడి దగ్గరా కమిషన్ తిని బతకలేదు.

రాతిబొమ్మ:
వయసు చెప్తే వాదన గెలిచినట్టు కాదు.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఏజెంటు మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది.

రెక్కలగుర్రం:
ఈ లోపు ఒక మాట. ఈస్టర్ ద్వీపం రన్‌వే 3,300 మీటర్లు. అంత చిన్న దీవికి అంత పొడుగెందుకంటే, 1980ల్లో అంతరిక్ష నౌకకి అత్యవసరంగా దిగాల్సి వస్తే పనికొస్తుందని అమెరికా వాళ్లు పెంచారు. నౌక ఎప్పుడూ దిగలేదు, టూరిస్టులు దిగుతున్నారు.

పాతచెప్పులు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

ఏజెంటుని కాను, ఆ టూర్‌కి వెళ్లొచ్చినవాణ్ణి. చెప్తే డబ్బు పొగరు అంటారని దాచాను, ఎటూ అనిపించుకున్నాను కాబట్టి చెప్తున్నాను. చిన్నప్పుడు పోలియో వచ్చింది, కుడి కాలికి క్యాలిపర్. ఇల్లు అమ్మగా వచ్చిన దాంట్లో పెద్ద ముక్క దీనికి పెట్టాను. పిల్లలు ఇంకా గుర్రుగానే ఉన్నారు.

మాచు పిచ్చుకి వెళ్లే దారిలో, పెరూలోని కుస్కోలో దిగిన రోజే మంచం పట్టాను. ఆ ఊరు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. వాంతులు, తలపోటు, రెండు రాత్రులు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మాచు పిచ్చు దానికంటే కిందే, 2,430 మీటర్లు, అందుకని పంపించారు. రైలు, ఆ తర్వాత బస్సు. ఏ జెట్టూ అక్కడ దిగదు, ఎవరైనా అలా ఊహించుకుంటుంటే మానెయ్యండి. అక్కడంతా మెట్లే. గైడు ఒక పక్కా మా డాక్టర్ ఒక పక్కా పట్టుకుని ఇరవయ్యో ఇరవైరెండో ఎక్కించారు. అక్కడ కూర్చున్నాను. మీరు పది నిమిషాలన్నారు, నాకు దొరికింది నలభై. చేపలూ గీపలూ చూడలేదు. ఎదురుగా కొండ చూశాను, మబ్బు వచ్చి కప్పేసి మళ్లీ విడిచింది.

ఈస్టర్ ద్వీపంలో టొంగరికి అనే చోట 15 విగ్రహాలు వరసగా ఉంటాయి. చదునైన నేల, ఒక్క మెట్టు లేదు. అక్కడ ఎవరి భుజమూ పట్టుకోకుండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను, ఒక్కణ్ణే. నేను కొన్నది ఆ గాజు గ్లాసులు కాదు. పెట్టె మోయకపోవడం, వరసలో నిలబడకపోవడం, పడితే లేపడానికి ఒకడుండటం.

రాతిబొమ్మ:
ఏజెంటు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి.

కానీ వాదన వెనక్కి తీసుకోవట్లేదు. మీ కాలిని చూసి గేటు ముందు తెరిస్తే నేను వరసలో నిలబడి సంతోషిస్తాను. మీ చెక్కును చూసి తెరిస్తే ఒప్పుకోను. ఆ రోజు గ్లాసు పట్టుకున్నాయన బాగానే నడిచాడు.

పాతచెప్పులు:
ఆ రెండు గేట్లు వేరువేరుగా ఉన్న చోటు నాకు కనపడలేదమ్మా. మొదటిది ఉండుంటే రెండోది కొనేవాణ్ణి కాదు. మామూలు గ్రూపు టూర్ ఒకదానికి నాలుగేళ్ల కింద డబ్బు కట్టాను. కాలి సంగతి తెలియగానే "మిగతావాళ్లకి ఆలస్యం అవుతుంది" అని వాపసు ఇచ్చేశారు. మీరు నిలబడ్డ వరసలోకి నన్ను రానివ్వనే లేదు.

రాతిబొమ్మ:
అయితే కోపం వాళ్ల మీద రావాలి కదా. నా మీద, నా తొమ్మిది రోజుల మీద దేనికి?

పాతచెప్పులు:
ఆ చేపల సంగతి చదివితే ఉక్రోషం వచ్చింది. అంతే.

లెక్కలపిచ్చి:
14 టన్నులు అలాగే ఉన్నాయి, గుర్తు చేస్తున్నాను.

మూటముల్లె:
ఇదంతా అక్కకి చదివి వినిపించాను. అంతా విని, "మీ బావకి ఎడమ మోకాలు పోయిందని నీకు తెలుసా?" అంది. తెలియదు, ఎప్పుడూ చెప్పలేదు. యాత్రా కాదా అనేది ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అడగట్లేదు. దారిచూపు గారూ, పెట్రాలో ఎంత నడవాలి?

దారిచూపు:
కొండరాతిలో చెక్కిన 'ఖజానా' అనే కట్టడం దాకా సిక్ అనే ఇరుకు లోయ 1.2 కి.మీ. దానికి బ్యాటరీ బండ్లున్నాయి, ముందే చెప్పి పెట్టుకోండి. పైన మఠానికి మాత్రం 800 పైచిలుకు మెట్లు. బావగారిని కింద కూర్చోబెట్టి అక్కగారిని ఎక్కమనండి.

రాతిబొమ్మ:
టోపీ రంగు గుర్తొచ్చింది. ఎరుపు.

పాతచెప్పులు:
మావి నీలం.