పెద్ద జబ్బు ఖర్చు ఒకెత్తు, మంచాన పడ్డాక చూసుకునే ఖర్చు ఇంకొకెత్తు: అమ్మానాన్నల కోసం డబ్బు ఎలా సర్దిపెట్టాలి? (బెంగళూరు)

కేఆర్‌పురం_వాసి:
నాన్నకు 72, అమ్మకు 67. అనంతపురం ఇల్లు అద్దెకిచ్చి ఇక్కడ మాతోనే ఉంటున్నారు. నాన్నకు షుగరు, బీపీ ఉన్నాయి. మా ఆఫీసు గ్రూప్ పాలసీలో ఇద్దరికీ కలిపి 5 లక్షల కవర్ ఉంది. నాన్న పేరున 30 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి, పింఛను లేదు. స్ట్రోకో పెద్ద ఆపరేషనో వస్తే 5 లక్షలు చాలవని తెలుసు. ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి మనిషిని పెట్టాల్సి వస్తేనో? 24 గంటల అటెండెంట్‌కు ఒక ఏజెన్సీ నెలకు 32,000 చెప్పింది. ఈ వయసులో కొత్త పాలసీ తీసుకోవాలా, ఆ ప్రీమియం డబ్బు దాచుకోవాలా?

బీమా_లెక్కలు:
రెండూ చేయాలండీ. ఒకటి ఇంకోదానికి పనికిరాదు. ఆసుపత్రి బిల్లుకు బీమా ఉంది, ఇంట్లో చూసుకునే ఖర్చుకు మామూలు ఆరోగ్య బీమా పైసా ఇవ్వదు. మీ పాలసీ మినహాయింపుల్లో ‘ఎక్స్‌క్లూజన్ 05’ చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించిన వాక్యాలే కాబట్టి ఏ కంపెనీ పాలసీలోనైనా అదే ఉంటుంది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి పనులకు ఇంట్లోగానీ నర్సింగ్ కేంద్రంలోగానీ మనిషిని పెడితే, ఆ మనిషి చదువుకున్న నర్సైనా సరే, కట్టరు. ‘డొమిసిలియరీ’ అనే మాట చూపించి ఇంటి వైద్యం కూడా కవరే అని ఏజెంటు చెప్పొచ్చు. అది ఆసుపత్రిలో చేర్చాల్సిన జబ్బుకు, బెడ్డు దొరక్కో మనిషిని కదపలేకో ఇంట్లో చేసే వైద్యానికి మాత్రమే.

ఇక ఆసుపత్రి వైపు. 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ పాలసీ చూడండి, అంటే మొదటి 5 లక్షలు మీ గ్రూప్ పాలసీ నుంచి పోతే, ఆపైన అయ్యేది ఇది కడుతుంది. ఉత్త టాప్-అప్ వద్దు. ఏడాదిలో 3 లక్షల చొప్పున మూడు బిల్లులు వచ్చాయనుకోండి. టాప్-అప్‌లో ఏ ఒక్క బిల్లూ 5 లక్షలు దాటలేదు కాబట్టి ఏమీ రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం 9 లక్షలను లెక్కలోకి తీసుకుని 4 లక్షలు ఇస్తుంది. మీరు ఉద్యోగం మారితే గ్రూప్ కవర్ పోతుంది, అప్పుడు ఆ మొదటి 5 లక్షలు మీ చేతి నుంచే పెట్టుకోవాలి. ఆ సంగతి గుర్తుంచుకునే డబ్బు సర్దండి.

65 ఏళ్ల లోపువారికి కొత్త ఆరోగ్య పాలసీ ఇస్తే చాలన్న పాత హద్దు 2024 ఏప్రిల్ నుంచి లేదు. అయినా పరీక్షలు చూసి కంపెనీ కాదనొచ్చు. పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ కాలం గరిష్ఠంగా 36 నెలలు, కాబట్టి ఆలస్యం చేసేకొద్దీ ఆ గడువూ వెనక్కి జరుగుతుంది. షుగరు, బీపీ, మందుల పేర్లు అన్నీ ప్రపోజల్ ఫారంలో రాయించండి. ఏజెంటు నింపిన ఫారంపై చదవకుండా సంతకం పెట్టొద్దు. దాచిన జబ్బు బయటపడితే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. 60 నెలలు వరుసగా కట్టాక మోసం రుజువైతే తప్ప ఆ కారణం చూపలేరు.

అందరికీ దెబ్బ తగిలేది గది అద్దె దగ్గర. పాలసీలో గదికి రోజుకు 5,000 పరిమితి ఉండి మీరు 8,000 గదిలో చేరితే, పోయేది ఆ 3,000 ఒక్కటే కాదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కూడా 5/8 వంతే కడతారు. ఆరు రోజులకు గది 48,000, ఆ ఛార్జీలు 2 లక్షలు అయితే మీ చేతి నుంచి 18,000, 75,000 కలిపి 93,000 పోతుంది. మందులు, ఇంప్లాంట్లు, ల్యాబ్ పరీక్షలు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత లేదు. కోశారంటే రాతపూర్వకంగా అడగండి.

నాన్నగారికి కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డు, ఆయుష్మాన్ వయ వందన కూడా చేయించండి. 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు, ఆదాయంతో పని లేదు. ఏడాదికి 5 లక్షలు, ఆ ఇంట్లో 70 దాటినవారందరికీ కలిపి. వేరే ప్రైవేటు బీమా ఉన్నా ఇస్తారు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఓటీపీతో అయిపోతుంది, సందేహాలుంటే 14555. కార్డు ఉన్నంత మాత్రాన ప్రతి ఆసుపత్రీ తీసుకోదు. మీ దగ్గర్లోని రెండు మూడు ఆసుపత్రుల కౌంటర్లలో ఏ విభాగానికి తీసుకుంటారో ముందే కనుక్కుని పెట్టుకోండి.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు తేలితే ఒకేసారి మొత్తం ఇచ్చేది) అమ్మజూపితే స్ట్రోక్ నిర్వచనం చదవండి. నరాల లోపం కనీసం 3 నెలలు నిలిచి ఉంటేనే డబ్బు. నాన్నగారి వయసుకు నేనైతే దానిమీద ఖర్చు పెట్టను.

పడక_పక్కన:
ఆ 32,000 లెక్క మీద ఒక హెచ్చరిక. 24 గంటల అటెండెంట్ అంటే 24 గంటలూ మేలుకుని ఉండే మనిషి కాదు, రాత్రి నిద్రపోతుంది. స్ట్రోక్ తర్వాత తనంతట తాను కదల్లేని మనిషిని రాత్రుళ్లు కూడా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పిరుదుల మీద, మడమల మీద పుండ్లు పడతాయి. షుగరున్నవారికి అవి ఓ పట్టాన మానవు, మళ్లీ ఆసుపత్రే. అలాంటప్పుడు 12 గంటల షిఫ్టులు రెండు కావాలి, లేదా రాత్రి పని ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే.

ఇంకోటి, అటెండెంట్ వేరు, నర్సు వేరు. ముక్కు గొట్టంతో ఆహారం, ఇంజెక్షన్లు, పుండ్ల డ్రెస్సింగ్ ఉంటే శిక్షణ ఉన్న మనిషి రావాలి, రేటు మారిపోతుంది. రోజంతా నర్సు అక్కర్లేకుండా, డ్రెస్సింగ్‌కు మాత్రం వచ్చి వెళ్లేలా మాట్లాడుకోవచ్చు. ఏజెన్సీతో రాయించుకోవాల్సినవి: మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారు, ఆ రోజుల డబ్బు తగ్గిస్తారా, భోజనం ఎవరిది, అడ్వాన్సు తిరిగి వస్తుందా, పోలీసు వెరిఫికేషన్ కాగితం ఇస్తారా.

జీతం కాక డైపర్లు రోజుకు 3-4, అంటే నెలకు 90-120 డైపర్లు. ఇంకా గ్లవ్స్, ఫిజియో, మందులు. మాత్రలు జనఔషధి కేంద్రంలో చూడండి, డాక్టర్‌తో జెనరిక్ పేరు రాయించుకుంటే సులువు. హాస్పిటల్ కాట్, ఎయిర్ మ్యాట్రెస్ (పుండ్లు పడకుండా వాడే గాలి పరుపు) మొదటి నెల అద్దెకు తెచ్చి, ఎన్నాళ్లు పడుతుందో డాక్టర్ చెప్పాక కొనాలా అని ఆలోచించండి. ఎయిర్ మ్యాట్రెస్ పంపు కరెంటు మీద నడుస్తుంది, యూపీఎస్ లైనులో పెట్టండి.

కేఆర్‌పురం_వాసి:
ఇద్దరికీ చాలా థాంక్సండి. డబ్బంతా నాన్న పేరునే ఉంది. ఆయన సంతకం పెట్టలేని స్థితి వస్తే ఎలా తీయాలి? పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందా?

వడ్డీ_వాసాలు:
సరిపోదండీ. రాసిన మనిషి మతిస్థిమితం కోల్పోతే మన చట్టంలో పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లకుండా పోతుంది. డిమెన్షియా వచ్చాక, కోమాలో ఉన్నప్పుడు అదే అడ్డం. అప్పుడు హైకోర్టుకు వెళ్లి గార్డియన్‌గా నియమించమని అడగాలి. నెలలు పట్టొచ్చు, ఆసుపత్రి బిల్లు ఆగదు. చెయ్యి పడిపోయినా స్పృహ ఉంటే ఇబ్బంది లేదు, ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర వేయించి డబ్బు తీయొచ్చు, సాక్షుల్లో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి.

కాబట్టి ఈ వారమే సేవింగ్స్ ఖాతాను అమ్మగారితో ‘ఈదర్ ఆర్ సర్వైవర్’గా, అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే డబ్బు తీసుకోగలిగే ఉమ్మడి ఖాతాగా మార్చండి. ఎఫ్‌డీలకైతే గడువుకు ముందే ఒక్కరి సంతకంతో తీసుకునే అనుమతి విడిగా రాసివ్వాలి, ఇది చాలామంది మర్చిపోతారు. నామినీ ఉన్నా బతికుండగా పనికిరాదు.

30 లక్షల్లో 24 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో, అమ్మగారిని జాయింటుగా పెట్టి వేయొచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకు 49,200, నెలకు 16,400 పడుతుంది. వేసే రోజున రేటు చూసుకోండి, ఆ రోజున్న రేటే అయిదేళ్లూ ఉంటుంది. మిగతా 6 లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. స్కీము రెండేళ్లలోపు తెంచితే 1.5 శాతం, తర్వాత 1 శాతం కోస్తారు, ఏడాది లోపైతే వడ్డీయే లేదు. అటెండెంట్‌కిచ్చే 32,000కు ఇంకా 15,600 తక్కువ. దాన్ని అనంతపురం అద్దెతో, ఆపైన తోబుట్టువుల వాటాతో పూడ్చాలి. ఆ వాటాలేవో ఇప్పుడే మాట్లాడుకోండి, ఆసుపత్రి వరండాలో ఆ మాట తెగదు.

రివర్స్ మార్ట్‌గేజ్ (ఇంటిని తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి విడతలుగా డబ్బు తీసుకోవడం) మీకు కుదరదు, పెద్దవాళ్లు తామే ఉంటున్న ఇంటి మీదే ఇస్తారు. ఆ ఇంటిని ముందే గిఫ్టుగా మీ పేరున రాయించుకోవద్దు, చివరకు అమ్ముకోగల ఆస్తి అదొక్కటే. రాసేదే అయితే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులో ఉండాలి. అలా ఉంటే, పిల్లలు చూసుకోనప్పుడు తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు చేసిన 2007 చట్టం సెక్షన్ 23 కింద రద్దు కోరవచ్చు.

బీమా_లెక్కలు:
ఒకటి కలుపుతాను. క్యాన్సర్ ముదిరి, ఇక వైద్యం లేదన్న దశ వస్తే మారతహళ్లి దగ్గర కరుణాశ్రయ అనే హాస్పైస్ (ఆఖరి దశ రోగులను చూసుకునే కేంద్రం) ఉంది. అక్కడ ఉంచుకునే సేవకూ, ఇంటికొచ్చి చూసే సేవకూ డబ్బు తీసుకోరు. మెడికల్ రిపోర్టులు పట్టుకుని వెళ్లాలి. ఆఖరి వారాలు ఐసీయూలో గడిపి దాచిందంతా ఊడ్చేసుకునే ముందు పాలియేటివ్ డాక్టర్‌ను, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసేవారిని ఒకసారి కలవండి.