నెల్లూరు ట్రంకు రోడ్డులో వన్‌వే: పెట్టాలా, వద్దా?

మూలపేట వాసి:
వి.ఆర్.సి. సెంటరు నుంచి గాంధీబొమ్మ దాకా ట్రంకు రోడ్డును వన్‌వే చేసి, తిరుగు వాహనాలను పక్క వీధుల గుండా మళ్లించాలని కోరుతూ అధికారులకు వినతిపత్రం ఇద్దామని నా ప్రతిపాదన. బైపాస్ రాకముందు మద్రాసు, కలకత్తాల మధ్య తిరిగే లారీలు ఈ రోడ్డు మీదుగానే వెళ్లేవి. అవి తప్పుకున్నా రద్దీ తగ్గలేదు, ఎందుకంటే ఊళ్లోని బండ్లే అంతకు మించి పెరిగాయి. రెండు వైపులా రాకపోకలున్న రోడ్లు కలిసే నాలుగు రోడ్ల కూడలిలో వాహనాలు ఒకదాని దారికి ఒకటి అడ్డం వచ్చే చోట్లు 32 ఉంటాయి. వాటిలో ఒక రోడ్డు వన్‌వే అయితే ఆ చోట్లు చాలా తగ్గిపోతాయి. సాయంత్రం పూట గాంధీబొమ్మ దగ్గర నిలబడి చూసినవారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ట్రంకు రోడ్డు బట్టల వ్యాపారి:
అయ్యా, మీ లెక్కలో మా సరుకు బండి ఎక్కడుంది? ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి చీరల మూటలు మూడు చక్రాల రిక్షాలో వస్తాయి. వన్‌వే పెడితే ఆ రిక్షా తొక్కే మనిషి రెండు వీధులు చుట్టి రావాలి. ఆ అదనపు కూలి ఎవరిస్తారో ముందు చెప్పండి.

దర్గామిట్ట నివాసి:
రొట్టెల పండుగకు ఏటా వాహనాలను మళ్లిస్తూనే ఉన్నారు. ఆ అనుభవం ఉన్న పోలీసు అధికారులనే అడిగితే సరిపోతుంది.

మూలపేట వాసి:
సరుకు బండ్లకు ఉదయం వేళ మినహాయింపు ఇవ్వవచ్చు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షను ప్రకారం నెల రోజులకు మించని ఆంక్షలకు గెజిట్ ప్రకటన కూడా అవసరం లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. కాబట్టి ఒక నెల ప్రయోగం చేసి చూద్దాం, కుదరకపోతే ఎత్తివేయమందాం.

ట్రంకు రోడ్డు బట్టల వ్యాపారి:
ఉదయం వేళ అంటున్నారు. మూటలు దిగి, బిల్లు చూసి, రిక్షాకు ఎత్తేసరికి పదకొండు దాటుతుంది. నేను రిక్షా గురించి అడిగితే మీరు సెక్షన్లు చెబుతున్నారు.

ఆటో కార్మికుడు:
మా స్టాండును ఎక్కడికి మారుస్తారో ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

సంతపేట గృహిణి:
వాహనాల గురించే మాట్లాడుతున్నారు గానీ నడిచేవారి మాట ఎవరూ ఎత్తలేదు. ఎదురు బండ్లు లేని రోడ్డులో వచ్చే బండ్లు వేగం పెంచుతాయి. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అత్తగారి చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటించేది నేనే కాబట్టి ఈ భయం నాకు తెలుసు. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఇక్కడ కాలువ మీద పరిచిన బండల మీదికి కొట్ల మెట్లు వచ్చాయి, ఆ మెట్ల ముందు మోటారు సైకిళ్లు, వాటి ముందు బొమ్మలకు చీరలు కట్టి నిలబెట్టారు. అవన్నీ తీయకుండా వన్‌వే పెడితే మేము బండ్ల మధ్యలోనే నడవాలి. తోపుడు బండ్ల వాళ్లను మాత్రం వెళ్లగొట్టవద్దు. వాళ్లకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఉంది.

ట్రంకు రోడ్డు బట్టల వ్యాపారి:
ఇప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. నాకు వన్‌వేతో తగాదా లేదమ్మా. ముందు వన్‌వే అంటారు, తర్వాత ఫుట్‌పాత్ అంటారు, ఆ తర్వాత రోడ్డు విస్తరణ అని గోడల మీద ఎర్ర గుర్తులు వేస్తారు. వేరే ఊళ్లో మా మేనమామ గారి కొట్టు ముందుభాగం అలాగే పోయింది. నగదు ఇవ్వకుండా టీడీఆర్ బాండు, అంటే పోయిన స్థలానికి బదులు నిర్మాణ హక్కు ఇచ్చే పత్రం, చేతిలో పెట్టారు. అదనపు అంతస్తు కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో పనికి వస్తుందన్నారు. మిగిలిన ఆ సన్నని గదిలో అంతస్తు ఎలా కడతారు? కొనేవాడు దొరక్క ఆ బాండు బీరువాలోనే ఉంది. మీరంతా పింఛనో జీతమో వచ్చేవారు, మా అన్నం ఆ వాకిట్లోనే ఉంది.

మూలపేట వాసి:
నా పింఛను ప్రస్తావన ఇక్కడ అనవసరం. విస్తరణ అన్న మాట నా ప్రతిపాదనలో ఎక్కడా లేదు. నిజానికి, ఉన్న వెడల్పులోనే రాకపోకలను సర్దితే విస్తరణ అవసరం తప్పుతుందనేదే నా వాదన. గోడలు కొట్టడం కన్నా బండ్లను తిప్పడం తేలిక, చవక. మీ మేనమామ గారికి జరిగింది అన్యాయమే. భూమి తీసుకుంటే నగదు పరిహారం కోరే హక్కును 2013 నాటి భూసేకరణ చట్టం ఇస్తోంది. బాండు తీసుకోవడమా, మానడమా అన్నది యజమాని ఇష్టం మీద ఉండాలి.

ట్రంకు రోడ్డు బట్టల వ్యాపారి:
అయితే ఆ మాటే వినతిపత్రంలో రాయండి. ఈ మార్పును సాకుగా చూపి ఏ కొట్టు గోడనూ ముట్టరాదని, సరుకు బండ్లకు మధ్యాహ్నం రెండు దాకా అనుమతి ఇవ్వాలని రాస్తే నేను సంతకం పెడతాను, నాలుగు కొట్ల వాళ్ల చేత పెట్టిస్తాను.

మూలపేట వాసి:
గోడల సంగతి రాస్తాను. రెండు గంటల దాకా అంటే ఒప్పుకోలేను, పన్నెండుతో సరిపెట్టుకోండి.

సంతపేట గృహిణి:
గోడల జోలికి నేనూ రాను. కాలువ మీది మెట్లు, బొమ్మలు మాత్రం తీయాలని కూడా రాయండి. అది లేని కాగితం మీద నేను సంతకం పెట్టను.

ట్రంకు రోడ్డు బట్టల వ్యాపారి:
బొమ్మలు లోపల పెట్టుకుంటాం. మెట్లు తీస్తే కొట్టులోకి ఎక్కేది ఎలాగమ్మా?